ప్రతి వెంట్రుకకీ ఒక పెంకుల కప్పు

మన భిలాయి తెలుగిళ్ళలో ఏటా వేసవి సెలవులు అయ్యేసరికి ఒకే పంచాయితీ నా దగ్గరికి వస్తుంది. శ్రీకాకుళం వైపో, విజయనగరం వైపో అమ్మమ్మగారింటికి వెళ్ళొచ్చిన ఆడపిల్లలు దువ్వెన చేత్తో పట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంటారు. "అక్కడుంటే జుట్టు ఉబ్బిపోయి లేచి నిలబడుతుంది తాతయ్యా. ఇక్కడికొస్తే గరగరలాడుతూ చిక్కులు పడుతుంది. ఎక్కడికెళ్ళినా మాట వినదు. దీనికేం రోగం?" అని అడుగుతారు.

రోగమేం కాదమ్మా. మారింది గాలి. మన రైలు రాయపూర్ దాటి, మహాసముంద్, తిట్లాగఢ్, రాయగడ మీదుగా కొండలు దిగి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం చేరేసరికి సముద్రపు తేమ ఒంటికి తగులుతుంది. ఇక్కడ మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీల ఎండలో లూ అనే వడగాలి కొడుతుంటే ఆరేసిన చీర అరగంటలో ఆరిపోతుంది. అక్కడ అదే చీర సాయంత్రమైనా చెమ్మగానే ఉంటుంది. చీరకి తెలిసిన తేడా జుట్టుకి తెలియకుండా ఎలా ఉంటుంది?

మన భిలాయి ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ దేశంతో ఒప్పందం మీద సంతకాలైంది 1955 ఫిబ్రవరి 2న. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ మన ఉత్తరాంధ్ర వాళ్ళు ఇక్కడికి పనికి వస్తూనే ఉన్నారు. మగవాళ్ళు కొలిమి వేడి గురించి చెప్పుకుంటే, కొత్తగా కాపురానికొచ్చిన ఆడవాళ్ళు తల గురించి చెప్పుకునేవారు. ఊళ్ళో పట్టుకుచ్చులా ఉన్న జడ ఇక్కడికొచ్చాక ఇలా అయిపోయిందేమిటని. అందుకు వాళ్ళు కనిపెట్టిన మందు ఒక్కటే, ఇంకాస్త నూనె. ఆ నూనె విషయం తర్వాత చెప్తాను, అది పెద్ద కథ. ముందు వెంట్రుక అంటే ఏమిటో చూద్దాం.

ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువు. తల బయట కనిపించే వెంట్రుకకి ప్రాణం లేదు. ప్రాణమంతా చర్మం లోపల, కుదురు దగ్గరే ఉంది. అక్కడ కణాలు పుట్టి, కెరటిన్ అనే మాంసకృత్తుని నింపుకుని, గట్టిపడి, చనిపోయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వస్తాయి. అందుకే కదా కత్తిరిస్తే నొప్పి లేదు, లాగితే నొప్పి. తిరుమల కల్యాణకట్టలో మొక్కు చెల్లించిన జుట్టు సముద్రాలు దాటి వెళ్ళి సవరాలై, విగ్గులై ఏళ్ళ తరబడి మెరుస్తూనే ఉంటుంది. దానికి తిండి పెట్టేదెవరు? ఎవరూ లేరు. చక్కగా కాపాడుతున్నారు, అంతే.

కాబట్టి జుట్టుకి రెండు రకాల సేవలున్నాయి. కుదురుకి చేసేది ఒంటి ద్వారా, అంటే తిండి, రక్తం, మందు. బయట ఉన్న పోగుకి చేసేది పైనుంచి, అంటే కాపలా. ఈ రెండూ కలిపేసి "ఈ నూనె రాస్తే జుట్టుకి బలం, ఈ షాంపూ జుట్టుకి ఆహారం" అని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రాణం లేని పోగు భోంచెయ్యదమ్మా.

ఇప్పుడు మన పక్క పల్లెల్లో ఖప్రా ఇళ్ళు చూశారు కదా, మనం పెంకుటిళ్ళు అంటామే, అవి. పై వరస పెంకు కింది వరస పెంకు మీదికి కాస్త వచ్చి పడుకుంటుంది. వాన కురిస్తే నీరు జారిపోతుంది, లోపల దూలాలు తడవవు. వెంట్రుక సరిగ్గా అలాంటి ఇల్లే. పైన ఆరు నుంచి పది వరసల దాకా పలచని పెంకులు, కుదురు వైపు నుంచి చివర వైపుకి ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. లోపల కెరటిన్ పోగులు పేనుకుని ఉంటాయి. బలమంతా ఆ పోగుల్లో ఉంది, మెరుపంతా ఈ పెంకుల్లో ఉంది. పెంకులు నున్నగా పడుకుని ఉంటే వెలుగు వాటి మీద పడి తిన్నగా తిరిగొస్తుంది, జుట్టు నిగనిగలాడుతుంది. పెంకులు లేస్తే వెలుగు చెదిరిపోతుంది, వెంట్రుక పక్క వెంట్రుకల పెంకులతో తగులుకుంటుంది, చిక్కుపడుతుంది, లోపలి తేమ ఆవిరైపోతుంది. మీరు ఎండిన జుట్టు, మాట వినని జుట్టు అంటున్నది దీన్నే.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే చూడండి. దువ్వెనలో చిక్కిన పొడవాటి వెంట్రుక ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, దాని పొడవు వెంబడి వేళ్ళు ముందుకీ వెనక్కీ ఆడించండి. వెంట్రుక ఒక దిక్కుకే పాకుతుంది, ఎటు ఆడించినా అటే. అది ఎప్పుడూ కుదురు వైపుకే ప్రయాణం చేస్తుంది. పెంకుల వాలు అటు జారనిస్తుంది, ఇటు ఆపుతుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం కూడా లేని వస్తువు మీద ఉన్న పెంకుల్ని ఏ సూక్ష్మదర్శినీ లేకుండా వేళ్ళతో కనుక్కున్నారు మీరు. నాకైతే ఈ వయసులో కూడా ఇది చేసి చూసినప్పుడల్లా సంతోషమేస్తుంది.

బలం మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఉక్కు ఊరి పిల్లలు కదా మీరు. ఒక మామూలు వెంట్రుక డెబ్బై, ఎనభై గ్రాముల బరువు దాకా తెగకుండా మోయగలదు. మన ప్లాంటులో వైర్ రాడ్ మిల్లు ఉంది కదా, అక్కడి మెత్తని ఉక్కుని అంతే సన్నగా లాగితే ఆ తీగ సుమారు రెట్టింపు బరువు మోస్తుంది. అంటే మీ తల మీద ఉన్న ఒక్కొక్క పోగూ ఉక్కులో సగం గట్టిది. తల మీద అలాంటివి సుమారు లక్ష. అందుకని వెంట్రుకలు బలహీనమై తెగిపోతున్నాయని బెంగ పడకండి. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం అందరికీ మామూలే, వాటి కాలం తీరి రాలతాయి.

వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ అక్క జడ అరవై సెంటీమీటర్లు ఉందనుకోండి. కుదురు దగ్గరున్న జుట్టు నిన్న మొన్న పుట్టింది. కొస దగ్గరున్నది ఐదేళ్ళ కిందటిది. అది భిలాయి వేసవులు ఐదు చూసింది. వారానికి రెండుసార్లు తలంటి పోసుకుంటే ఐదొందల తలస్నానాలు చేసింది. లెక్కలేనన్ని సార్లు దువ్వెన కింద నడిచింది. ఐదేళ్ళు ఎండకీ వానకీ నిలబడ్డ పెంకు కాస్త చిట్లదా? అందుకే కుదురు దగ్గర నిగనిగలాడుతూ, కొసలు మాత్రం ఎండిపోయి ఉంటాయి. పైగా నెత్తి మీద చర్మంలో చిన్న చిన్న నూనె గ్రంథులున్నాయి, ప్రతి కుదురు పక్కనా ఒకటి. అవి ఊరించే నూనె జడ పొడవునా కొసదాకా చేరలేదు. పొడుగు జుట్టుకి నెత్తి జిడ్డుగానూ, కొసలు పొడిగానూ ఉండటానికి కారణం ఇదే.

ఉంగరాల జుట్టు పిల్లలకి ఇది మరీ కష్టం. నిటారుగా ఉన్న వెంట్రుక మీద నూనె తేలిగ్గా జారుతుంది. మెలికలు తిరిగిన దాని మీద ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది. అందువల్ల ఉంగరాల జుట్టు పుట్టుకతోనే కాస్త పొడిగా ఉంటుంది. మెలిక రావడానికి కారణం చర్మం లోపలి కుదురు వంపు, అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు కొందరు అలాంటి పిల్లల్ని చూసి "జీబురు జుట్టు, ఏమీ పెట్టరా దీనికి?" అంటుంటారు. అది ఆ పిల్ల తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు, లోపమూ కాదు. అసలు దువ్వెనకే లొంగని జుట్టుతో పుట్టే పిల్లలు కూడా ప్రపంచంలో అరుదుగా ఉన్నారు. గాజు పోగుల్లా నాలుగు దిక్కులా నిలబడుతుంది వాళ్ళ జుట్టు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో దానికి కారణమైన మూడు జన్యువుల్ని కనిపెట్టారు. ఆ పిల్లలకి వయసు పెరిగే కొద్దీ చాలావరకు సర్దుకుంటుంది కూడా.

ఇక తేమ సంగతి. వెంట్రుక నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకుంటే పొడవవుతుంది. బాగా పొడి గాలి నుంచి బాగా తేమ గాలిలోకి వెళ్తే నూటికి రెండు, రెండున్నర వంతులు సాగుతుంది. మీ అక్క అరవై సెంటీమీటర్ల జడలో ఒక్కొక్క వెంట్రుకా సెంటీమీటరున్నర దాకా పెరుగుతుందన్నమాట. మన ప్లాంటు నుంచి వెళ్ళే 260 మీటర్ల రైలు పట్టా నలభై డిగ్రీల వేడి పెరిగితే పన్నెండు సెంటీమీటర్లు పొడవవుతుంది. పట్టాని పెంచేది వేడి, జుట్టుని పెంచేది చెమ్మ, అంతే తేడా. 1783లో జెనీవాలో సొస్యూర్ అనే ఆయన ఈ గుణాన్నే పట్టుకుని గాలిలో తేమ కొలిచే పరికరం చేశాడు. మనిషి వెంట్రుకని జిడ్డు లేకుండా ఉడకబెట్టి శుభ్రం చేసి, ఒక కొస బిగించి, రెండో కొసని చిన్న చక్రానికి చుట్టి, దానికి ముల్లు పెట్టాడు. గాలి చెమ్మగిలితే ముల్లు అటు, ఆరితే ఇటు. ఆయనకి కొండలంటే ప్రాణం, నాలుగేళ్ళ తర్వాత మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కాడు. మన దేశపు వాతావరణ కేంద్రాల్లో కూడా వెంట్రుకల కుచ్చుతో పనిచేసే యంత్రాలు చాలాకాలం తేమని గీతలుగా గీశాయి. అంటే శ్రీకాకుళంలో మీ జుట్టు ఉబ్బిందంటే అది చెడిపోలేదు, గాలిలో ఎంత తేమ ఉందో కొలిచి చెప్తోంది.

ఉబ్బడం ఎందుకంటారా? లోపలి కెరటిన్ పోగుల్ని ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధాల్లో రెండు రకాలు ముఖ్యం. గంధకంతో ఏర్పడేవి గట్టివి, నీటికి చలించవు. హైడ్రోజన్‌తో ఏర్పడేవి మెత్తనివి, నీరు తగిలితే ఊడి, ఆరితే మళ్ళీ కలుస్తాయి. రాత్రి తడి జుట్టుకి జడ వేసుకుని పడుకుంటే పొద్దున్నకి అలలు తిరిగి ఉంటాయి చూడండి, అది ఈ రెండో రకం బంధాల పనే. సముద్రపు గాలిలో అవి తోచినప్పుడల్లా ఊడుతూ కలుస్తూ ఉంటాయి కాబట్టి ఒక్కో వెంట్రుక ఒక్కో దారి పడుతుంది. ఇక్కడ భిలాయి చలికాలంలో దీనికి తలకిందులు. గాలి పొడి, స్వెట్టరు తల మీంచి తీస్తే చిటపటమని జుట్టు లేస్తుంది. రాపిడికి పుట్టిన విద్యుత్తు పోవడానికి తేమ లేక వెంట్రుకల మీదే నిలిచిపోయి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

పెంకులు లేపేసే దొంగలు ఎవరెవరో చెప్తాను. మొదటిది సబ్బు. పెంకుల మీద కంటికి కనపడని కొవ్వు పూత ఒకటి పుట్టుకతోనే అతుక్కుని ఉంటుంది, నీరు నిలవకుండా జారేది దాని వల్లే. క్షారం దాన్ని ఊడగొడుతుంది. ఒకసారి ఊడితే ఆ వెంట్రుకకి అది మళ్ళీ రాదు. ఒంటి సబ్బు క్షారమే, బట్టల సబ్బు మరీను. హడావిడిలో ఒంటికి రుద్దుకున్న సబ్బునే తలకీ రుద్దేసుకునే మగపిల్లలు వినాలి ఈ మాట. రంగు తీసి వేసే బ్లీచింగ్ ఇంకా ఘోరం.

రెండోది నీరు, ఇది మన భిలాయికి ప్రత్యేకం. టౌన్‌షిప్ సెక్టార్లలో మరోదా చెరువు నీళ్ళు శుభ్రం చేసి ఇస్తారు. బయట కాలనీల్లో చాలామంది బోరు నీళ్ళ మీదే ఉన్నారు. ఈ నేల కింద ఉన్నది సున్నపురాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌కి కావలసిన సున్నపురాయి మనకి పక్కనే నందిని గనుల నుంచి వస్తుంది కదా, ఆ జాతి రాయిని కరిగించుకుంటూ ఊరే నీరు కఠినం కాక ఏమవుతుంది? ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. పాలవిరుగుడు లాంటి తెల్లని మడ్డి కట్టి జుట్టుకి అంటుకుంటుంది, ఆరాక జుట్టు బిరుసెక్కుతుంది. రెండు సీసాల్లో ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో వాన నీళ్ళు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి కుదిపి చూడండి. ఏ పుస్తకం చెప్పక్కర్లేదు.

ఇక ఎండ, వేడి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కెరటిన్‌ని విరగ్గొడతాయి, రంగు వెలిసి రాగి రంగుకి తిరుగుతుంది. ఇక్కడి అమ్మాయిలు స్కూటీ మీద వెళ్తూ తలా మొహం చున్నీతో చుట్టేసుకోవడం, సైకిల్ మీద వెళ్ళే పెద్దాయన తలకి గమ్ఛా చుట్టుకోవడం ఊరికే కాదు, ఈ లూ గాలికి అంతకంటే మంచి రక్షణ లేదు. జుట్టు సాఫు చేసే ఇస్త్రీ పెట్టెలు 200 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. తడి ఆరకుండా దాన్ని పెడితే వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు పుడతాయి. పైకి కనబడదు, ఆ బుడగ దగ్గరే వెంట్రుక విరుగుతుంది. నునుపు చేయించుకునే రసాయనాల్లో చాలావాటి నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. గ్లైయాక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీము రాసుకున్నవాళ్ళకి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతులు వైద్య పత్రికల్లో వచ్చాయి. పెళ్ళి ముందు పార్లర్‌కి వెళ్ళే పిల్లలు ఆ డబ్బా మీద ఏం రాసుందో చదివి మరీ తల వంచాలి.

సరే, ఏం చెయ్యాలి? నూనె కథ చెప్తానన్నాను కదా. మన నాయనమ్మలు తలంటికి ముందు నూనె పెట్టేవారు, తర్వాత కాదు. అందులో ఎంత మేలుందో లెక్కగట్టి చూసినవాళ్ళున్నారు. 2003లో ముంబైలో ఆర్తీ రేలే, ఆర్.బి. మొహిలే అనే శాస్త్రజ్ఞులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం మూడింటినీ వెంట్రుకల మీద పోల్చి చూశారు. కడిగినప్పుడు జుట్టులోంచి మాంసకృత్తు కొట్టుకుపోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. వాళ్ళు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీలో, ఆ మాట కూడా మీకు చెప్పాలి. అయినా కారణం సబబుగానే ఉంది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉన్నది లారిక్ ఆమ్లం. దాని అణువు పొట్టిది, నిటారుగా ఉంటుంది, అందుకని పెంకుల సందుల్లోంచి లోపలికి దూరుతుంది. లోపల నూనె ఉంటే నీరు ఎక్కువగా చొరబడదు. తడిసి ఉబ్బడం, ఆరి కుంగడం తగ్గితే పెంకులు ఊడవు.

అందుచేత తలంటికి గంటా రెండు గంటల ముందు, లేదా ముందు రాత్రి, రెండు మూడు చెంచాల కొబ్బరినూనె చాలు. దాన్ని నెత్తి మీద పొయ్యకండి, జడ మధ్య నుంచి కొసల దాకా రాయండి, అవసరం అక్కడుంది. ఆముదం చిక్కన, అది లోపలికి పోదు, పైన పూతగా నిలబడుతుంది, కొసలకి ఒక చుక్క మంచిదే. ఇక్కడి పల్లెల్లో ఇప్పగింజల నూనె ఆడిస్తారు, డోరీ తేల్ అంటారు. వంటకీ ఒంటికీ కూడా వాడుతారు, అదీ పూతగా పనికొస్తుంది. నెత్తి మీద పొట్టు రాలుతోంది, దురద ఉంది అంటే మాత్రం అది ఎండిపోవడం అనుకుని నూనె పోస్తూ పోకండి. చాలాసార్లు అది చుండ్రు, నూనె తిని బతికే బూజు జాతి జీవి దాని వెనక ఉంటుంది, నూనెతో ఇంకా పెరుగుతుంది. దానికి వేరే షాంపూ ఉంది, డాక్టరుని అడగండి.

కడిగేదానికి నా ఓటు కుంకుడుకాయకే. అందులోని సాపోనిన్లు బోరు నీళ్ళలో కూడా మడ్డి కట్టవు, సబ్బులా క్షారం కూడా కాదు. రాత్రి నానబెట్టి, పొద్దున్న గోరువెచ్చని నీళ్ళలో పిసికి, గుడ్డతో వడగట్టి వాడండి, కళ్ళలో పడకుండా చూసుకోండి. అదైనా ఎక్కువైతే జుట్టు ఎండుతుంది, నూనె పెట్టిన రోజుకే సరిపోతుంది. షాంపూ వాడుకునేవాళ్ళు వాడుకోండి, తప్పేం లేదు, నెత్తికి మాత్రమే రుద్దండి, కారే నురగ కొసల్ని శుభ్రం చేస్తుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నల్లమట్టితో తల రుద్దుకునే పాత అలవాటు ఉంది. జిడ్డు జుట్టుకి అది హాయిగా ఉంటుంది, మట్టి జిడ్డుని పీలుస్తుంది. ఎండిన జుట్టుకి అదే కారణం చేత పనికిరాదు.

కడిగాక పెంకుల్ని పడుకోబెట్టాలి. మందారాకు నలిపితే వచ్చే జిగురు, నానబెట్టిన మెంతుల జిగురు ఆ పని చేస్తాయి. కడుక్కున్న వెంట్రుక మీద సన్నని పొరలా పరుచుకుని రాపిడి తగ్గిస్తాయి. బజారులో అమ్మే కండిషనర్ ఇంకాస్త తెలివైనది. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఎక్కువ, కండిషనర్‌లోని అణువులకి ధనావేశం ఉంటుంది, కాబట్టి అవి ఎక్కడ దెబ్బ ఎక్కువుందో అక్కడికే వెళ్ళి అంటుకుంటాయి. చలికాలపు చిటపటలకి కూడా అదే మందు. బోరు నీళ్ళ వాళ్ళు ఆఖరున లీటరు నీళ్ళలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకుని, మళ్ళీ మంచినీళ్ళతో కడుక్కోండి. అంతకంటే ఎక్కువ వద్దు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలొస్తాయి. గంజి పోసుకునేవాళ్ళున్నారు, నునుపుగా ఉంటుంది, నిజమే. గంజితో జుట్టు పెరుగుతుందనే మాట మాత్రం నమ్మకండి.

తడి జుట్టు బాగా సాగుతుంది, తేలిగ్గా దెబ్బతింటుంది. తువ్వాలుతో దులపకుండా, పాత నూలు పంచెతో అద్దండి. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో ముందు కొసల చిక్కు తీసి, క్రమంగా పైకి రండి. పైనుంచి కిందకి ఒక్క లాగు లాగితే చిక్కులన్నీ కొసకి చేరి ముడి పడతాయి. చీలిన కొసల్ని అతికించే మందు లోకంలో లేదు, కత్తెర ఒక్కటే. రెండు మూడు నెలలకోసారి ఒక అంగుళం కత్తిరిస్తే జడ పొట్టిదవుతుందని ఏడవకండి, అంత పొడవు ఆ రెండు మూడు నెలల్లో మళ్ళీ పెరుగుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది పైపని. ఇవన్నీ చేసినా కొత్తగా వస్తున్న జుట్టే బిరుసుగా వస్తుంటే, అప్పుడు కుదురు వైపు చూడాలి. మొదటిది మాంసకృత్తు. జుట్టు కట్టేది దానితోనే, కాబట్టి పప్పు, గుడ్డు, పాలు, శనగలు చాలకపోతే జుట్టే ముందు చెప్తుంది. తీవ్రంగా మాంసకృత్తు కొరవడిన చంటిపిల్లల జుట్టు పలచబడి ఎర్రగా మారుతుంది. 1930లలో ఆఫ్రికాలో పనిచేస్తూ సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఆ జబ్బుని లోకానికి చెప్పింది.

రెండోది ఇనుము. ఇన్ని లక్షల టన్నుల ఇనుము కరిగించే ఊళ్ళో ఉన్నాం. మనిషి ఒంట్లో ఉండవలసింది మూడు నాలుగు గ్రాములు, ఒక మేకు చెయ్యడానికి చాలేంత. ఆ కాస్తా లేకపోవడం ఒక పెద్ద కారణంగా మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నన్ను ఇంతకంటే బాధపెట్టే అంకె లేదు. అమ్మలు అందరికీ వడ్డించి చివర తింటారు, అడుగున మిగిలింది తింటారు. తోటకూర, ఇక్కడి వాళ్ళు వండే లాల్ భాజీ, మునగాకు ముంగా భాజీ, ఉలవలు, ఇవన్నీ ముందు వాళ్ళ కంచంలో పడాలి. మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగా ఒంటబట్టదు. అలాగని రక్తపరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు వేసుకోవద్దు. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పదేపదే రక్తం ఎక్కించుకునే వాళ్ళకి ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువై ఉండవచ్చు.

మూడోది థైరాయిడ్. గొంతు దగ్గరుండే ఆ గ్రంథి మందగిస్తే జుట్టు పొడిబారి, ముతకబడి, రాలుతుంది. చర్మం కూడా ఎండుతుంది, కనుబొమల కొసలు పలచబడతాయి, భిలాయి మే నెలలో కూడా చలేస్తుంది, ఊరికే బరువు పెరుగుతారు, నిద్ర ఎంతైనా చాలదు, నెలసరి గాడి తప్పుతుంది. ఇవన్నీ అమ్మలు "వయసు మీద పడింది" అని పక్కన పెట్టేస్తారు. పిల్లలూ, మీరు పక్కన పెట్టకండి. మీ అమ్మకో, పిన్నికో, అత్తకో జుట్టుతో పాటు వీటిలో రెండు మూడు కనబడితే, కొత్త నూనె సీసా కొనే ముందు సెక్టార్ 9 ఆసుపత్రికో, మీకు దగ్గరున్న డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తక్కువని తేలితే రోజుకో చిన్న మాత్ర, పొద్దున్నే పరగడుపున. జుట్టు నెలకి సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి తేడా జడలో కనబడటానికి నెలలు పడుతుంది, అంతవరకూ మందు మానెయ్యకుండా మీరే గుర్తు చెయ్యండి.